ట్రాక్షన్ కంట్రోల్ దీపం వెలిగితే లోపం ఎక్కడ వెతకాలి?

జారుతున్న కారు బొమ్మతో ఉండే పసుపు దీపం డ్యాష్‌బోర్డు మీద వెలిగి ఆరకుండా ఉండిపోయినప్పుడు వాహన యజమాని సాధారణంగా చెప్పే మాట “ట్రాక్షన్ కంట్రోల్ పోయింది” అని. ఆ మాట పట్టుకుని మెకానిక్ కూడా ట్రాక్షన్ కంట్రోల్ అనే విడిభాగం కోసం వెతకడం మొదలుపెడితే మరమ్మతు మొదటి అడుగులోనే దారి తప్పినట్టు. ఎందుకంటే విప్పి చేతిలోకి తీసుకుని, ఇదే ట్రాక్షన్ కంట్రోల్ అని చూపించగలిగిన వస్తువు వాహనంలో దాదాపు ఏదీ ఉండదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు అదుపు తప్పి జారకుండా చూసే వ్యవస్థ ఇది. చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో అది ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగిసిపోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్ల ద్వారానే తెలుసుకుంటుంది. జారుతున్న చక్రాన్ని పట్టి ఆపడానికి బ్రేకు ద్రవం ఒత్తిడిని అదుపు చేసే ఏబీఎస్ హైడ్రాలిక్ యూనిట్‌నే వాడుకుంటుంది. శక్తి తగ్గించవలసి వస్తే ఇంజిన్‌ను నడిపే కంప్యూటరును, అంటే ఇంజిన్ ఈసీయూను, అడుగుతుంది. దానికి సొంతంగా ఉన్నది ఏబీఎస్ ఈసీయూలో నడిచే ప్రోగ్రామూ, హైడ్రాలిక్ యూనిట్‌లో అదనంగా చేర్చిన కొన్ని వాల్వులూ మాత్రమే. మిగిలినదంతా అరువు సొత్తు. కాబట్టి అరువిచ్చిన వ్యవస్థల్లో ఏది దెబ్బతిన్నా, ఏది నమ్మదగని సమాచారం పంపినా, వెలిగేది ఈ దీపమే. ఈ సంగతిని మరచిపోవడం వల్లనే ఈ మరమ్మతుల్లో మంచి భాగాలు మారిపోతాయి, లోపం మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ముందుగా దీపం చెప్పే రెండు వేర్వేరు సంగతులను విడదీసుకోవాలి. దీపం మినుకుమినుకుమంటే ఆ క్షణంలో చక్రం జారిందనీ, వ్యవస్థ దాన్ని అదుపు చేస్తున్నదనీ అర్థం. అది లోపం కాదు. ఆరకుండా వెలుగుతూ ఉంటే వ్యవస్థ తన మీద తనకే నమ్మకం లేక పక్కకు తప్పుకున్నదనో, లేదా దాన్ని ఆపే మీట ఎవరో నొక్కారనో అర్థం. మూడో స్థితి కూడా ఒకటుంది, దాన్నే చాలామంది పట్టించుకోరు. పొడి రోడ్డు మీద, తిన్నగా పోతున్నప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు తేలికగానే ఉన్నా దీపం మినుకుమంటుంటే చక్రం నిజంగా జారడం లేదు. చక్రం జారుతున్నట్టు ఏదో ఒక సెన్సర్ తప్పుగా చెబుతున్నది. ఇలాంటప్పుడు ఈసీయూలో లోపాన్ని సూచించే ఏ కోడూ నమోదు కాకపోవచ్చు, ఎందుకంటే తనకు అందిన సమాచారం అబద్ధమని దానికింకా తెలియలేదు.

జారుడు అంటే ఏమిటి

టైరు రోడ్డును నెట్టి వాహనాన్ని ముందుకు నడపాలంటే అది కొద్దిగా జారక తప్పదు. చక్రం అంచు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుండగా వాహనం 45 కిలోమీటర్ల వేగంతోనే కదులుతుంటే ఆ జారుడును 10 శాతంగా లెక్కిస్తారు. పొడి తారు రోడ్డు మీద సుమారు 10 నుంచి 20 శాతం జారుడు దగ్గర టైరు పట్టు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ హద్దు దాటాక ముందుకు నెట్టే పట్టు తగ్గడమే కాదు, పక్కకు జారకుండా నిలిపే పట్టు మరింత త్వరగా కరిగిపోతుంది. ముందు చక్రాలు లాగే వాహనంలో అప్పుడు స్టీరింగు తిప్పినా బండి మలుపు తీసుకోదు. వెనుక చక్రాలు నెట్టే వాహనంలో వెనుక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ పని జారుడును పూర్తిగా ఆపడం కాదు, పట్టు గరిష్ఠంగా ఉండే ఆ ఇరుకు పరిధిలో దాన్ని నిలిపి ఉంచడం.

దీనికి వ్యవస్థ దగ్గర రెండు మార్గాలున్నాయి. రెండు చక్రాలూ కలిసి జారుతుంటే ఇంజిన్ శక్తి తగ్గించమని అడుగుతుంది. ఇంజిన్ ఈసీయూ థ్రాటిల్ మూసో, ఇగ్నిషన్ సమయాన్ని వెనక్కి జరిపో, కొన్ని సిలిండర్లకు ఇంధనం ఆపో ఆ పని చేస్తుంది. ఒక చక్రం బురదలోనూ మరొకటి గట్టి నేల మీదా ఉన్నప్పుడు సమస్య వేరు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన తిప్పుడు బలాన్నే పంచుతుంది గనుక, బురదలో ఊరికే తిరుగుతున్న చక్రానికి ఎంత తక్కువ బలం సరిపోతుందో గట్టి నేల మీదున్న చక్రానికీ అంతే అందుతుంది, బండి కదలదు. అప్పుడు ట్రాక్షన్ కంట్రోల్ ఊరికే తిరిగే చక్రానికి బ్రేకు వేస్తుంది. బ్రేకు ఎదురొడ్డినంత బలం రెండో వైపు చక్రానికి కూడా అందుతుంది కాబట్టి బండి ముందుకు సాగుతుంది.

ఈ రెండో పనికే అదనపు వాల్వులు కావాలి. ఏబీఎస్ చేసేది డ్రైవరు కాలితో పుట్టించిన ఒత్తిడిని తగ్గించి, మళ్లీ పెరగనివ్వడం. ట్రాక్షన్ కంట్రోల్ బ్రేకు వేసే సమయానికి డ్రైవరు కాలు యాక్సిలరేటర్ మీద ఉంటుంది, కనుక ఒత్తిడిని యూనిట్‌లోని మోటారు పంపు స్వయంగా పుట్టించాలి. నాలుగు చక్రాలను విడివిడిగా అదుపు చేసే ఏబీఎస్ యూనిట్‌లో చక్రానికి రెండు చొప్పున 8 వాల్వులుంటాయి. పెడల్ తొక్కుడును ద్రవం ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ దారిని మూసేందుకు ఒకటి, పంపు ద్రవాన్ని పీల్చుకునే దారిని తెరిచేందుకు ఒకటి చొప్పున రెండు బ్రేకు సర్క్యూట్లకూ కలిపితే, స్టెబిలిటీ కంట్రోల్ (వాహనం అడ్డం తిరగకుండా నిలిపే వ్యవస్థ) కూడా ఉన్న యూనిట్‌లో అవి 12 అవుతాయి.

మరమ్మతు చేసేవారికి ఈ వ్యవస్థ చరిత్ర కూడా కొంత ఉపయోగపడుతుంది. 1971లో బ్యూయిక్ కార్లలో వచ్చిన మ్యాక్స్‌ట్రాక్ చక్రం జారినప్పుడు ఇగ్నిషన్‌ను క్షణకాలం ఆపి ఇంజిన్ శక్తి తగ్గించేది. బ్రేకుల జోలికి పోయేది కాదు. 1978లో బాష్ తయారు చేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ కార్లలో వచ్చింది, 1986లో దాని మీదే ట్రాక్షన్ కంట్రోల్‌ను కట్టారు, 1995లో ఆ రెండింటి మీద స్టెబిలిటీ కంట్రోల్‌ను నిలిపారు. అమెరికాలో 2012 మోడల్ సంవత్సరం నుంచి, ఐరోపా సమాఖ్యలో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటిలో స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి అయింది. అంటే ఇది అంతస్తు మీద అంతస్తుగా లేచిన కట్టడం. పునాది కదిలితే పైవన్నీ మూతపడతాయి. పై అంతస్తులో లోపమొస్తే కిందివి పనిచేస్తూనే ఉంటాయి.

దీపాలను కలిపి చదవడం

లోపం కోడ్లను చదివే స్కానర్ తగిలించకముందే ఏ దీపాలు జతగా వెలిగాయో చూస్తే వెతకవలసిన చోటు సగానికి తగ్గుతుంది. ఏబీఎస్ దీపమూ ట్రాక్షన్ దీపమూ కలిసి వెలిగితే లోపం పునాదిలో ఉంది. అంటే చక్రాల సెన్సర్లు, వాటి తీగలు, హైడ్రాలిక్ యూనిట్, దాని కరెంటు సరఫరా. ఏబీఎస్ దీపం ఆరి ట్రాక్షన్ దీపం మాత్రమే వెలిగితే చక్రాల సెన్సర్లను విప్పే ముందు స్టీరింగు కోణం సెన్సర్, వాహనం తన చుట్టూ తాను తిరిగే వేగాన్ని కొలిచే యా సెన్సర్, బ్రేకు పెడల్ స్విచ్, ఇంజిన్ వైపు చూడాలి. ఈ రెండు పసుపు దీపాలతో పాటు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగితే అది పూర్తిగా వేరే స్థాయి హెచ్చరిక. బ్రేకు ద్రవం తగ్గి ఉండవచ్చు, లేదా ముందు వెనుక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా ఆగిపోయి ఉండవచ్చు. అది ఆగిన వాహనంలో గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందుగా బిగిసి బండి అడ్డం తిరిగే ప్రమాదముంది. అటువంటి వాహనాన్ని నడుపుకుంటూ తీసుకురమ్మని చెప్పకూడదు.

ట్రాక్షన్ దీపంతో పాటు ఇంజిన్ చెక్ లైటు కూడా వెలిగిన సందర్భంలో జరిగే పొరపాటు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీన్ని తప్పించడం చాలా తేలిక. ఒక సిలిండర్ సరిగ్గా మండకపోయినా, థ్రాటిల్ సెన్సర్ తప్పు చూపినా, ఇంజిన్ ఈసీయూ తాను ఉత్పత్తి చేస్తున్న బలాన్ని లెక్కగట్టలేదు. ఎంత బలం తగ్గించమంటే అంత తగ్గించగలనని హామీ ఇవ్వలేని స్థితిలో అది ఆ సంగతిని ఏబీఎస్ ఈసీయూకు తెలియజేస్తుంది. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ ఆగిపోతుంది, దీపం వెలుగుతుంది. ఇక్కడ పాడైంది ఇగ్నిషన్ కాయిలో స్పార్క్ ప్లగ్గో అయి ఉంటుంది. చక్రాల సెన్సర్లన్నీ మార్చినా దీపం ఆరదు. ఇంజిన్ కోడు ఉన్నంతవరకు దాన్ని సరిచేయడమే ముందు పని.

కోడు విషయంలోనూ కొంత జాగ్రత్త కావాలి. ఇంజిన్‌కు సంబంధించిన పి కోడ్లను మాత్రమే చదివే చవక స్కానర్లు ఇక్కడ పనికిరావు. బ్రేకులకు చెందిన సి కోడ్లను, ఈసీయూల మధ్య సంభాషణకు చెందిన యు కోడ్లను చదవగలిగే పరికరం ఉండాలి. సి0035 అనే కోడు ముందు ఎడమ చక్రం వేగ సెన్సర్ సర్క్యూట్ గురించి చెబుతుంది. ఆ వాక్యంలో ముఖ్యమైన మాట సర్క్యూట్. సెన్సర్, దాని రెండు తీగలు, కనెక్టర్, సెన్సర్ ఎదుట తిరిగే రింగు, చివరకు ఈసీయూలోని ఆ భాగం, వీటన్నిటినీ కలిపి ఆ కోడు అనుమానిస్తున్నది. అలాగే ఏబీఎస్ ఈసీయూ నుంచి జవాబు లేదని చెప్పే యు0121 వచ్చినప్పుడు ఆ ఈసీయూ చనిపోయిందని అనుకోవడం తొందరపాటు. దాని ఫ్యూజులను, ఎర్త్ తీగను చూశాకే ఆ మాట అనాలి. కోడ్లను చెరిపే ముందు ప్రతిదాన్నీ రాసుకోవాలి. అది నమోదైనప్పుడు వాహన వేగం, బ్యాటరీ వోల్టేజీ ఎంత ఉన్నాయో ఈసీయూ దాచి ఉంచితే, ఆ రెండు అంకెలు ఎన్నో గంటల వెతుకులాటను తప్పిస్తాయి.

చక్రం దగ్గర

ఈ వ్యవస్థ నివసించేదంతా చక్రాల పక్కనే, నీరూ బురదా వేడీ కుదుపూ ఎక్కువగా ఉండే చోట. అందుకే లోపాల్లో ఎక్కువ భాగం కూడా అక్కడే పుడతాయి. సెన్సర్లలో రెండు రకాలున్నాయి, ఏ రకమో తెలియకుండా పరీక్ష మొదలుపెట్టకూడదు.

పాత రకంలో అయస్కాంతం చుట్టూ తీగచుట్ట ఉంటుంది. ఎదుట పళ్ల రింగు తిరిగేకొద్దీ అందులో ఏసీ వోల్టేజీ పుడుతుంది. వేగం పెరిగితే ఆ వోల్టేజీ, దాని పౌనఃపున్యం రెండూ పెరుగుతాయి. బండి నెమ్మదించేకొద్దీ సిగ్నల్ సన్నబడి, ఆగడానికి ముందే కనుమరుగవుతుంది. దీన్ని మల్టీమీటరుతో పరీక్షించవచ్చు. తీగచుట్ట నిరోధం సాధారణంగా కొన్ని వందల ఓమ్‌ల నుంచి రెండు వేల ఓమ్‌లకు కాస్త పైదాకా ఉంటుంది. అదే యాక్సిల్‌కు రెండోవైపున్న సెన్సర్‌తో పోల్చడం ఏ పట్టికకన్నా మంచి కొలమానం. అయితే నిరోధం సరిగ్గా ఉన్నంత మాత్రాన సెన్సర్ బాగున్నట్టు కాదు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆసిలోస్కోపు మీద అలను చూస్తేనే నిజం తెలుస్తుంది.

కొత్త రకంలో సెన్సర్ లోపలే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. ఈసీయూ దానికి విద్యుత్తు ఇస్తుంది, అది తన జవాబును కరెంటు రూపంలో తిరిగి పంపుతుంది: ఎక్కువ వాహనాల్లో సుమారు 7 మిల్లీఆంపియర్లు, 14 మిల్లీఆంపియర్ల మధ్య మారే చదరపు అల. వేగం దాదాపు సున్నాకు చేరినా దాని సిగ్నల్ బలం తగ్గదు. దీన్ని ఓమ్ మీటరుతో కొలవడం అర్థం లేని పని. వచ్చిన అంకె మంచినీ చెడునూ చెప్పదు, పైగా లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు. ఇగ్నిషన్ ఆన్ చేసి, కనెక్టర్ విడదీసి, తీగల దగ్గర ఈసీయూ ఇచ్చే వోల్టేజీ వస్తున్నదో లేదో చూడాలి. వోల్టేజీ లేకపోతే సెన్సర్‌కు సంబంధం లేదు, తీగలు తెగి ఉండాలి లేదా ఈసీయూ ఆ లైనును ఆపి ఉండాలి.

ఈ కొత్త సెన్సర్ల ఎదుట చాలా వాహనాల్లో పళ్ల రింగు కనిపించదు. బేరింగు సీలు మీదే ఉత్తర దక్షిణ ధ్రువాలను వరుసగా ముద్రించిన అయస్కాంత పట్టీ ఉంటుంది, కంటికి అది మామూలు నల్ల రబ్బరు లాగానే కనబడుతుంది. బేరింగును తిరగేసి నొక్కితే పట్టీ సెన్సర్‌కు అవతలివైపు పోతుంది, చక్రం ఎంత తిరిగినా సిగ్నల్ రాదు. బేరింగు మార్చిన రోజు నుంచే దీపం వెలుగుతున్నదని ఎవరైనా చెబితే మొదటి అనుమానం దీని మీదే ఉండాలి. అయస్కాంత ధ్రువాలను చూపే పలుచని కార్డును సీలు మీద పెడితే గీతలు కనిపిస్తాయి. గీతలు కనిపించే వైపే సెన్సర్ ఉండాలి. అలాంటి బేరింగును ఇనుప పొడి ఉన్న బల్ల మీద పెట్టడమూ, దాని దగ్గరికి అయస్కాంతాన్ని తీసుకురావడమూ ఆ ముద్రను పాడుచేయగలవు.

పళ్ల రింగు ఉన్న వాహనాల్లో తుప్పు చేసే నష్టం ఎంతో నిశ్శబ్దంగా జరుగుతుంది. యాక్సిల్ షాఫ్టుకూ రింగుకూ మధ్య తుప్పు పేరుకుని ఉబ్బితే ఆ ఒత్తిడికి రింగు ఒకచోట పగులుతుంది. పగులు దగ్గర రెండు పళ్ల మధ్య దూరం పెరుగుతుంది, చక్రం తిరిగే ప్రతి చుట్టులో ఒకసారి సిగ్నల్ ఆలస్యమవుతుంది. వేగంగా పోతున్నప్పుడు ఈసీయూ ఆ చిన్న తేడాను పట్టించుకోదు. బండి ఆగబోతుండగా మాత్రం ఆ ఆలస్యం చక్రం హఠాత్తుగా బిగిసినట్టు కనిపిస్తుంది, ఏబీఎస్ మేల్కొంటుంది, పెడల్ కాలి కింద దడదడలాడుతుంది, బండి ఆగవలసిన చోటికంటే కొంచెం ముందుకు పోయి ఆగుతుంది. కోడు ఉండదు. డ్రైవరు చెప్పే లక్షణమే ఇక్కడ ఏకైక ఆధారం, కాబట్టి దాన్ని కొట్టిపారేయకూడదు. షాఫ్టును నెమ్మదిగా పూర్తి చుట్టు తిప్పుతూ బలమైన వెలుతురులో రింగును చూడాలి. సగం చుట్టు చూసి వదిలేస్తే పగులు అవతలి సగంలో ఉండవచ్చు.

తుప్పుకు ఇంకో దారి కూడా ఉంది. సెన్సర్ కూర్చున్న హబ్బు ముఖం మీద అది పొరలుగా పెరిగితే సెన్సర్ నెమ్మదిగా పైకి లేస్తుంది, దానికీ రింగుకూ మధ్య సుమారు 1 మిల్లీమీటరు ఉండవలసిన ఖాళీ పెరుగుతుంది. సెన్సర్ మంచిదే, స్థానం మారింది. దాన్ని తీసి, ముఖాన్ని శుభ్రంగా గీకి, మళ్లీ కూర్చోబెడితే చాలు. ఇలా పట్టేసిన సెన్సర్‌ను స్క్రూడ్రైవరుతో పెకలించబోతే ప్లాస్టిక్ విరిగిపోతుంది. తుప్పు వదిలించే ద్రవం పోసి, కొంతసేపు ఆగి, అటూ ఇటూ తిప్పుతూ బయటికి రాబట్టాలి. రంధ్రం శుభ్రం చేసేటప్పుడు రాలిన పొడి లోపలి రింగు మీద పడకుండా చూడాలి. బేరింగు వదులై ఊగుతున్నా ఖాళీ మారుతుంది కనుక, సెన్సర్‌ను నిందించే ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడడం మంచి అలవాటు.

తీగల విషయానికి వస్తే, స్టీరింగుతో తిరిగే ముందు చక్రాల తీగలు వాహన జీవితకాలంలో లక్షల సార్లు వంగుతాయి. పైన తొడుగు చెక్కుచెదరకుండా ఉండి లోపల రాగి పోగులు తెగిపోవడం వాటికి మామూలే. స్కానర్‌లో ఆ చక్రం వేగాన్ని గ్రాఫ్‌గా పెట్టి, చక్రం తిప్పుతూ తీగను అంగుళం అంగుళం వంచి చూస్తే గీత తెగే చోటు దొరుకుతుంది. సూది గుచ్చి వోల్టేజీ చూడడం మాత్రం చేయకూడదు; ఆ రంధ్రంలోంచి దిగిన నీరు కొన్ని నెలల్లో కొత్త లోపాన్ని తయారు చేస్తుంది. కదిలే భాగంలో తెగిన తీగను సోల్డర్ చేస్తే ఆ అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. వీలైతే మొత్తం తీగను మార్చాలి, వీలుకాకపోతే కదలని చోట నీరు చొరబడని క్రింప్ జాయింటుతో కలపాలి. రెండు తీగలు ఒకదానితో ఒకటి మెలివేసి ఉంటే ఆ మెలికను అలాగే ఉంచాలి, ఎందుకంటే పక్కనున్న ఇతర తీగల నుంచి వచ్చే విద్యుత్ అలజడిని అడ్డుకునేది ఆ మెలికే. క్లిప్పులన్నీ వాటి వాటి స్థానాల్లో తిరిగి బిగించాలి.

సెన్సర్లూ తీగలూ అన్నీ బాగుండి కూడా ఒక చక్రం మిగిలిన మూడింటికంటే ఎప్పుడూ కాస్త వేగంగా చూపిస్తుంటే టైరును చూడాలి. అరిగిన టైరు, గాలి తక్కువున్న టైరు, చిన్న సైజు టైరు చుట్టుకొలత తక్కువ కావడం వల్ల ఎక్కువ చుట్లు తిరుగుతాయి. కొద్దిపాటి తేడాను ఈసీయూ తనకు తానే సరిచేసుకుంటుంది, హద్దు మీరితే సరిచేసుకోలేదు. ఏ భాగమూ మార్చకుండా గాలి కొట్టడంతోనే తీరే లోపం ఇదొక్కటే.

కరెంటు, సంభాషణ, సున్నా స్థానం

హైడ్రాలిక్ యూనిట్‌లోని పంపు మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో పదుల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బలహీనమైన బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు ఉన్న వాహనంలో ఆ క్షణానికి వోల్టేజీ పడిపోయి, పంపు పాడైందన్న కోడు నమోదవుతుంది. మోటారును స్కానర్‌తో తిప్పిస్తూ, బ్యాటరీ మైనస్‌కూ యూనిట్ ఎర్త్ తీగకూ మధ్య వోల్టేజీ ఎంత పోతున్నదో కొలవాలి. ఏ లోడూ లేకుండా కొలిచిన 12 వోల్టులు ఇక్కడ దేనికీ రుజువు కాదు. ఎంతో ఖరీదైన యూనిట్లను ఈ ఒక్క కొలత తీయకపోవడం వల్ల మార్చేస్తారు, అందుకే దీన్ని ఇంత గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

ఈసీయూల మధ్య సంభాషణ సాగే క్యాన్ తీగల జత రెండు కొసల్లోనూ 120 ఓమ్‌ల నిరోధాలుంటాయి. బ్యాటరీ తీసి, స్కానర్ కనెక్టర్‌లోని 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే సాధారణంగా 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక కొస తెగిందని, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు కలిసిపోయాయని తెలుస్తుంది. కొన్ని వాహనాల్లో ఈ పిన్నులు మధ్యలో ఉన్న గేట్‌వే ఈసీయూ దగ్గరే ఆగిపోతాయి. వాటిలో ఈ కొలత బ్రేకుల వైపు తీగల గురించి ఏమీ చెప్పదు.

స్టీరింగు కోణం సెన్సర్ చాలా సందర్భాల్లో పాడవదు, తన సున్నాను మరచిపోతుంది. వీల్ అలైన్‌మెంట్ చేశాక, స్టీరింగు విప్పి బిగించాక, కొన్ని వాహనాల్లో బ్యాటరీ తీసి పెట్టాక కూడా చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు సెన్సర్ సున్నా చూపించకపోవచ్చు. బండి తిన్నగా పోతుంటే డ్రైవరు మలుపు తిప్పుతున్నాడని వ్యవస్థ అనుకుంటుంది, మెల్లని వంపుల్లో అకారణంగా బ్రేకు వేస్తుంది. యా సెన్సర్‌కు కూడా సున్నా నేర్పాలి, బండిని సమతలంగా ఉన్న నేల మీద కదలకుండా నిలిపి మాత్రమే ఆ పని చేయాలి. ఆ సెన్సర్ చాలా వాహనాల్లో రెండు సీట్ల మధ్యనున్న కన్సోల్ కింద ఉంటుంది. దాని బోల్టు వదులైనా, దాన్ని వెనకముందు చేసి బిగించినా, అది కొలిచే ప్రతి సంఖ్యా తప్పే.

ద్రవం, హైడ్రాలిక్ యూనిట్

బ్రేకు ద్రవాన్ని వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటున్నా అది నూనె కాదు. పొరపాటున ఖనిజ నూనె పోస్తే లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ప్రమాణానికి చెందిన ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగాలి, నిర్ణీత పరిమాణంలో తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఆ తేమే వాల్వుల్లో తుప్పుకు కారణం. చలిలో చిక్కబడడం మరో సమస్య. స్టెబిలిటీ కంట్రోల్ పంపు ద్రవాన్ని సన్నని దారుల్లోంచి క్షణాల్లో పీల్చుకోవాలి కాబట్టి అటువంటి వాహనాలకు పలుచని ద్రవం నిర్దేశిస్తున్నారు. మైనస్ 40 డిగ్రీల దగ్గర మామూలు డాట్ 4 చిక్కదనం సెకనుకు 1800 చదరపు మిల్లీమీటర్ల వరకు ఉండవచ్చు, ఈ పలుచని రకానికి గరిష్ఠ పరిమితి 750. మూత మీద డాట్ 4 అని ఉన్నంత మాత్రాన ఏ డాట్ 4 అయినా పోయవచ్చనుకోకూడదు. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను ఈ వ్యవస్థల్లో అసలు వాడరు.

ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్ పిస్టన్‌ను వెనక్కి నెడితే అక్కడ పేరుకున్న మురికి ద్రవం ఎదురు దారిలో హైడ్రాలిక్ యూనిట్ లోకి పోతుంది. అలా నెట్టే ముందు క్యాలిపర్ మీదుండే గాలి తీసే మరను (బ్లీడర్) వదులు చేసి ఆ ద్రవాన్ని బయటికి పంపడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. యూనిట్‌ను విప్పి బిగించినా, ద్రవం పూర్తిగా ఖాళీ అయినా, మామూలుగా పెడల్ తొక్కి గాలి తీయడం సరిపోదు. వాల్వులు మూసి ఉన్న దారుల్లో చిక్కుకున్న గాలి అక్కడే ఉండిపోతుంది. మొదట పెడల్ గట్టిగానే తగులుతుంది, ఏబీఎస్ ఒకసారి పనిచేశాక ఆ గాలి బయటపడి పెడల్ లోతుకు దిగుతుంది. స్కానర్‌తో పంపును, వాల్వులను వరుసగా నడిపిస్తూ గాలి తీయాలి. నాలుగు చక్రాల వరుస వాహనాన్ని బట్టి మారుతుంది గనుక తయారీదారు చెప్పిన క్రమాన్నే పాటించాలి.

యూనిట్ నిజంగానే పాడైందని తేలితే మిగిలేవి మూడు దారులు: కొత్తది, వేరే వాహనం నుంచి తీసినది, పాతదాన్నే బాగు చేయించడం. చాలా మోడళ్లలో ఈసీయూ భాగాన్ని లోహపు దిమ్మె నుంచి విడదీయవచ్చు. లోపలి అతుకులు పగిలిన ఈసీయూను అనుభవమున్న నిపుణులు బాగు చేయగలరు, వాహనం కోడింగ్ అందులోనే ఉంటుంది కాబట్టి తిరిగి నేర్పవలసిన పని తగ్గుతుంది. లోహపు దిమ్మెను మాత్రం వర్క్‌షాపులో విప్పకూడదు. మనిషి ప్రాణం ఆ వాల్వుల బిగింపు మీద ఆధారపడి ఉన్నప్పుడు అక్కడ ప్రయోగాలకు చోటు లేదు. వేరే వాహనం నుంచి తీసిన యూనిట్ బయటికి అచ్చం అలాగే ఉన్నా, ఆ వాహనం బరువు, చక్రాల మధ్య దూరం, ఇంజిన్ రకానికి తగిన సాఫ్ట్‌వేర్ దానిలో ఉండవచ్చు. సరైన కోడింగ్ చేయకుండా దీపం ఆరిందని వదిలేస్తే, ప్రమాదంలో అది వేరే బండికి తగినట్టు స్పందిస్తుంది.

మరమ్మతు తరువాత

లిఫ్టు మీద ఇంజిన్ నడుపుతూ గేరు వేస్తే రెండు చక్రాలు తిరిగి రెండు నిలిచి ఉంటాయి, ఆ తేడాను లోపంగా భావించి ఈసీయూ కొత్త కోడ్లు రాస్తుంది. వాటిని అసలు లోపమనుకుని తికమకపడకూడదు. పరీక్ష రోడ్డు మీదే జరగాలి. తిన్నగా ఉన్న రోడ్డు మీద నెమ్మదిగా బయలుదేరి వేగం పెంచుతూ, మళ్లీ పూర్తిగా ఆగేదాకా, పక్కన కూర్చున్నవారు నాలుగు చక్రాల వేగాలను స్కానర్‌లో చూడాలి. నడిపేవారి చూపు రోడ్డు మీద ఉండాలి. కొన్ని వాహనాల్లో ఈసీయూ కొంత వేగం దాటాకే పంపును ఒక్క క్షణం తిప్పి తన పరీక్ష తాను ముగించుకుంటుంది, దీపం అప్పుడే ఆరుతుంది. అందుకే బండి నిలిచి ఉండగానే మరమ్మతు విఫలమైందని నిర్ణయించకూడదు.

కొద్ది రోజుల తరువాత అదే కోడుతో వాహనం తిరిగి వస్తే లోపం వచ్చిపోయే రకమన్నమాట, దాన్ని మళ్లీ రప్పించాలి. వాన పడ్డప్పుడే వస్తున్నదంటే ఆ చక్రం కనెక్టర్ మీద నీళ్లు చిమ్మి చూడాలి. మలుపుల్లోనే వస్తున్నదంటే స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి ఉంచి, తీగ ఎక్కడ లాగబడుతున్నదో చూడాలి. గంటసేపు నడిపాక వస్తున్నదంటే సెన్సర్‌నూ కనెక్టర్‌నూ విడివిడిగా వేడిగాలితో మెల్లగా వేడిచేసి, స్కానర్ తెరమీద నాలుగు గీతల్లో ఏది, దేన్ని వేడిచేసినప్పుడు తెగుతున్నదో గమనించాలి.